తెల్లవారుజాము డీఓ ఏ తేదీది? ఒక విద్యార్థి వెబ్ ప్రాజెక్టు కేస్ స్టడీ

భీమవరంలో నాకు చిన్న వెబ్ ఆఫీసు ఉంది. పగలంతా హోటళ్లకీ, హేచరీలకీ, ఫంక్షన్ హాళ్లకీ సైట్లు చేసే పని. సాయంత్రం ఆరు దాటాక నలుగురైదుగురు ఇంజనీరింగ్ పిల్లలు వస్తారు, వాళ్ల ప్రాజెక్టులు చూసి చెప్తుంటాను. కోచింగ్ సెంటరేమీ కాదు, బోర్డు కూడా లేదు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి రొయ్యల చెరువు లెక్కల మీద చేసిన ప్రాజెక్టు సంగతి ఇది. పైన డీఓ అన్నది చెరువు నీళ్లలో కరిగిన ఆక్సిజన్. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, కాలేజీ చెప్పను. ఇందులో నేను రెండుసార్లు తప్పు చేశాను. రెండూ సరిచేస్తున్నాననుకుంటూ చేసినవే. అందుకే రాయాలనిపించింది.

నేపథ్యం

బీటెక్ ఆఖరి సంవత్సరం. వాళ్ల నాన్నగారికి రెండు వనామీ రొయ్యల చెరువులు, ఒకటి సొంతం, ఒకటి లీజు. మా దగ్గరికి వచ్చేసరికే ఆ అమ్మాయికి గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టి నలుగురికీ చూపించుకునే సైటు) పదకొండు ప్రాజెక్టులున్నాయి. టు-డూ లిస్టు, క్యాలిక్యులేటర్, వాతావరణం చూపించే పేజీ, రెండు షాపింగ్ సైట్లు, ఒక సినిమా సైటు నకలు, ఇంకా అలాంటివే. అన్నీ నడుస్తాయి. కోడ్ శుభ్రంగా ఉంది. రియాక్ట్ వచ్చు, నోడ్ వచ్చు, మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్స్ కట్టడం వచ్చు. చూడగానే నాకు ముచ్చటేసింది కూడా.

వచ్చిన సమస్య

ఒక ఇంటర్వ్యూలో రెండో రౌండులో పోయింది. షాపింగ్ పేజీ తెరిచి, "వరసకి మూడు కార్డులే ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగారట. నిజానికి తను చూసి చేసిన వీడియోలో మూడే ఉన్నాయి. ఆ మాట చెప్పలేక "లుక్ బాగుంటుందని" అంది. "వస్తువు పేరు పొడుగై రెండో లైన్‌లోకి వస్తే?" అన్నారు. ఇక నోరు పెగల్లేదు. ఇంకో ఇంటర్వ్యూలోనూ దాదాపు ఇదే. రెండూ అయ్యాక నా దగ్గరికొచ్చి, "సార్, పన్నెండో ప్రాజెక్టు ఏం చెయ్యమంటారు?" అంది.

మొదట ఏం చేశాం

పన్నెండోది వద్దన్నాను. ఆ మాట సరైనదే. దాని వెనక నేను వేసుకున్న లెక్కే తప్పు. కోడ్ బాగుంది కాబట్టి లోపమంతా చూపించే తీరులోనే ఉందనుకున్నాను. పదకొండింటిని నాలుగుకి తగ్గించాం. ఫోన్‌తో తీసిన నాలుగు వేల పిక్సెళ్ల ఫొటోలను మూడు వందల పిక్సెళ్ల గడిలో చూపిస్తోంది, వాటిని కుదించి వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లోకి మార్చాం. కిందికి జరిపినప్పుడే బొమ్మలు లోడ్ అయ్యేలా పెట్టాం. తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలను ముదురు చేసి, కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండేలా చూశాం. సైట్‌ని పరీక్షించి మార్కులిచ్చే లైట్‌హౌస్‌లో అన్నీ తొంభై దాటి ఆకుపచ్చలోకి వచ్చాయి. ఐదు వారాలు పట్టింది.

తర్వాతి ఇంటర్వ్యూలో వెబ్‌పీ ఎందుకన్నారు. సైజు తగ్గుతుందని చెప్పింది. "మంచిదే. ఈ సైటు ఎవరు వాడుతున్నారు? వాళ్ల నెట్ ఎలా ఉంటుంది?" అన్నారు. ఎవరూ వాడటం లేదు. మళ్లీ అక్కడే ఆగింది.

అంతకుముందు ఆమె జవాబులు వీడియోవి. ఇప్పుడు నావి. సొంతవి ఒక్కటీ లేవు. ఐదు వారాలూ నేను చేసింది ఆ అప్పు వీడియో ఖాతాలోంచి నా ఖాతాలోకి మార్చడమే.

పుస్తకం

ఒకరోజు సాయంత్రం ఏడున్నరకి, నిద్ర మొహంతో వచ్చింది. ముందు రాత్రి కరెంటు పోయిందట. జనరేటర్ మొరాయిస్తే ఇంటిల్లిపాదీ చెరువు మీదే ఉన్నారట. మాటల్లో, "నాన్న పుస్తకంలో రాత్రి డీఓ ఒకటి రాయలేదు సార్, పొద్దున్నుంచీ దాని గురించే గొడవ" అంది. ఆ పుస్తకంలో ఒక పేజీ ఫొటో తీసుకురమ్మన్నాను.

పొడుగు నోట్‌బుక్కు. స్కేలు పెట్టి నిలువు గీతలు గీశారు. తేదీ, నాలుగు పూటల మేత, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూడటానికి నీళ్లలో దింపే పళ్లెం), సాయంత్రం, అర్ధరాత్రి, తెల్లవారుజాము డీఓలు, పీహెచ్, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎన్ని తిరిగాయి, చివర్లో వేసిన మందులు. చెక్ ట్రే గడిలో అక్షరం ముక్క లేదు, చిన్న చిన్న సున్నాలున్నాయి. ట్రేలో మేత పూర్తిగా తినేస్తే ఖాళీ సున్నా. సగం మిగిలితే సగం నింపిన సున్నా. ముట్టకపోతే నిండుగా నల్లటి చుక్క. నెల రోజుల పేజీ ఒక్కసారి చూస్తే నల్లగా ఉన్నచోట మేత ఎక్కువేశారని ఇట్టే తెలిసిపోతుంది. ఇరవై ఏళ్లుగా ఆయన ఇలాగే రాస్తున్నారట. డిజైన్ గురించి నేను చెప్పేవన్నీ ఆ నిలువు గీతల మధ్య ఉన్నాయి.

ఈ పుస్తకాన్నే ఫోన్‌లోకి తెద్దామన్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. "రొయ్యల చెరువు ప్రాజెక్టంటే ఎవరు చూస్తారు సార్?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, వాడేవాళ్లు ఇద్దరున్నారని మాత్రం చెప్పాను. వాళ్ల నాన్నగారు, చెరువు గట్టు మీద షెడ్డులో ఉండే కాపలా మనిషి.

మొదటి వెర్షన్

పుస్తకాన్ని పక్కన పెట్టి, తనకి అలవాటైనదే చేసింది. ఈమెయిల్‌తో లాగిన్, నల్లటి డ్యాష్‌బోర్డు, ఆరు చార్టులు, పద్నాలుగు గడుల ఫారం. చెక్ ట్రేకి డ్రాప్‌డౌన్, అందులో ఇంగ్లీషు మాటలు. నాకు కొన్ని తప్పులు కనబడ్డాయి. చెప్పకూడదని నోరు కట్టేసుకున్నాను. ఈసారి ఫిర్యాదు వాడేవాళ్ల దగ్గర్నుంచే రావాలి.

మూడు రోజుల్లో వచ్చింది. మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబడితే నల్ల స్క్రీన్‌లో వాళ్ల నాన్నగారికి తన మొహం తప్ప ఏమీ కనబడలేదట. కాపలా మనిషి చేతులు ఎప్పుడూ తడే, డ్రాప్‌డౌన్ మీద వేలు నిలవదు. బటన్ ఎత్తు తక్కువ కావడంతో కింద వత్తు కోసుకుపోయి 'రాత్రి' కాస్తా 'రాతి' అయింది. ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్‌లో లైన్ ఎత్తు 1.1 ఉంది. మన వత్తులకి అది చాలదు, 1.6 దాకా పెంచాల్సి వచ్చింది.

అన్నిటికన్నా నవ్వొచ్చింది ఇంకొకటి. డ్యాష్‌బోర్డులో పైన పెద్ద అక్షరాలతో 'కౌంట్: 46' అని ఉంది. ఎన్ని ఎంట్రీలు పడ్డాయో చూపించే అంకె అది. ప్రోగ్రామర్లకి కౌంట్ అంటే అదే. చెరువు మీద కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయని. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. వాళ్ల నాన్నగారు ఫోన్ పట్టుకుని, "నలభై ఆరు కౌంటా? యాభై రోజులకే?" అని లేచి నిలబడ్డారట. అప్పటికి రొయ్య పది గ్రాములు కూడా లేదు, అంటే వంద కౌంటుకి ఇంకా అటువైపే. నేను ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కని విషయం ఆయన లేచి నిలబడటంతో ఎక్కింది. ఆ రోజు నుంచి ప్రతి మాటా వాళ్ల నాన్నని అడిగి పెట్టింది.

రెండో వెర్షన్ పుస్తకాన్ని ఎదురుగా పెట్టుకుని చేసింది. తెల్లటి నేల, నల్లటి అక్షరాలు. లాగిన్ తీసేసి ఫోన్‌కి ఒకే ఒక్క పిన్. చెక్ ట్రేకి పుస్తకంలో ఉన్న మూడు సున్నాలే పెద్ద బటన్లుగా పెట్టింది. ఒక స్క్రీన్‌లో ఒక్క పని. డీఓకి అంకెలు, చుక్క ఉన్న కీబోర్డు మాత్రమే వచ్చేలా చేసింది. 3.8 కొట్టబోయి 38 కొడితే ఎర్రటి హెచ్చరిక రాదు. అంత డీఓ చెరువు నీళ్లలో ఉండదు కాబట్టి "3.8 ఆ?" అని అడుగుతుంది, ఒక్క వేలు ఆనిస్తే చాలు. ఇది పూర్తిగా ఆమె ఆలోచనే. ఎందుకలా అనడిగితే, "రాత్రి రెండింటికి ఎర్ర బాక్స్ వస్తే ఆయన ఫోన్ జేబులో పెట్టేస్తాడు సార్" అంది. కారణం అడిగిన వెంటనే జవాబు రావడం అదే మొదటిసారి.

సిగ్నల్ సంగతి చెప్పాలి. చెరువు మీద టవర్ గీతలు కనిపిస్తాయి, డేటా కదలదు. నెట్ ఉందా అని బ్రౌజర్‌ని అడిగితే ఉందనే అంటుంది. అది కనెక్షన్ ఉందని మాత్రమే చెప్తుంది, అవతలికి చేరుతోందా అన్నది దానికి తెలియదు. నొక్కినా ఏమీ జరగడం లేదని కాపలా మనిషి మూడుసార్లు నొక్కితే మూడు ఎంట్రీలు పడ్డాయి. ఆండ్రాయిడ్ యాప్ చేద్దామా అని ఆలోచించాం. ఆ ఫోన్‌లో ఖాళీ లేదు, పైగా మార్పు చేసినప్పుడల్లా మళ్లీ ఎక్కించాలి. అందుకని వెబ్‌లోనే ఉండి, ముందు ఫోన్‌లో దాచి, వీలైనప్పుడు పంపేలా చేశాం. ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక ఐడీ ఇచ్చాం కాబట్టి ఒకటే ఐడీ మూడుసార్లు వచ్చినా సర్వర్ ఒకటే ఉంచుకుంటుంది.

ఇక్కడిదాకా మామూలు దారే.

నేను సరిచేసిన తప్పు

మూడు వారాలు నడిచింది. వాళ్ల నాన్నగారు పుస్తకం మానలేదు గానీ ఫోన్ కూడా చూస్తున్నారు. ఒక సాయంత్రం కోడ్ తిరగేస్తుంటే తేదీ తీసే లైను కనబడింది. జావాస్క్రిప్ట్‌లో టూ-ఐఎస్‌ఓ-స్ట్రింగ్ అనే ఫంక్షన్‌ని పిలిచి, మొదటి పది అక్షరాలు కత్తిరించుకుంటోంది. వీడియోల్లో ఇది మామూలే. ఆ తేదీ మనది కాదు, యూటీసీది, అంటే ప్రపంచమంతా కొలమానంగా పెట్టుకున్న సమయానిది. మనకన్నా ఐదున్నర గంటలు వెనక. మన దగ్గర పన్నెండో తేదీ తెల్లవారుజాము నాలుగైతే అక్కడ ఇంకా పదకొండో తేదీ రాత్రి పదిన్నర. అంటే ఉదయం ఐదున్నర లోపు కొట్టినవన్నీ ముందురోజు తేదీలో పడుతున్నాయి.

పైగా చెరువుకి ఆ వేళే ప్రాణం. పగలు నీళ్లలో ఉండే ప్లాంక్టాన్ (సన్నటి నాచు) ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదీ రొయ్యలతో పాటు పీల్చుకునేదే. అలా తగ్గుతూ తగ్గుతూ తెల్లవారే ముందు డీఓ అన్నిటికన్నా కిందికి దిగుతుంది. లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల పైన ఉండేలా చూస్తారు, మూడుకి దిగిందంటే టెన్షన్. సరిగ్గా ఆ రీడింగుల తేదీలే తప్పు! దొరికింది పెద్ద తప్పని నేను కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పాను. అరగంటలో స్థానిక సమయానికి మార్చేశాం.

మర్నాడు పొద్దున్నే వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. "మాస్టారండీ, నిన్నటిదాకా బానే ఉందండి. ఇవాళ తెల్లారుజాము లెక్కలు కింద వరసలోకి పోయాయి. పాడైనట్టుందండి, ఓసారి చూడండి."

నాకు అర్థం కాలేదు. బాగుచేసిందాన్ని పాడైందంటున్నారు. ఆ అమ్మాయి పుస్తకం ఫొటో మళ్లీ తెరిచింది. పదకొండో తేదీ వరసలో సాయంత్రం 6.4, అర్ధరాత్రి 5.1, తెల్లవారుజాము 3.9. ఆ 3.9 క్యాలెండర్ ప్రకారం పన్నెండోది. ఆయన పుస్తకంలో మాత్రం పదకొండో రాత్రిది. సాయంత్రం దీపాలు వెలిగించినప్పటి నుంచి పొద్దున్న మొదటి మేత దాకా ఒకటే రాత్రి, ఒకటే వరస. ఎందుకంటే ఆయన చూసేది 3.9ని ఒక్కదాన్నే కాదు. 6.4 నుంచి 3.9 దాకా ఎంత దిగిందో చూసి, మర్నాడు రాత్రి ఎన్ని ఏరియేటర్లు తిప్పాలో, మబ్బు పడితే మేత ఎంత తగ్గించాలో తేల్చుకుంటారు. ఒక రాత్రిని రెండు వరసల్లోకి చీలిస్తే ఆ దిగుడు కనబడదు.

అంటే మూడు వారాలూ ఆ బగ్ పొరపాటున ఆయన లెక్కకి దగ్గరగా నడిచింది. నేను క్యాలెండర్‌ని సరిచేసి ఆయన రాత్రిని విరగ్గొట్టాను.

దగ్గరగానే నడిచింది, పూర్తిగా కాదు. కాపలా మనిషి ఒక్కోరోజు ఐదూ పదిహేనుకి డీఓ కొలిచే ప్రోబ్ దింపుతాడు, ఒక్కోరోజు ఐదూ ముప్పావుకి. ఐదున్నర దాటిందంటే యూటీసీలోనూ తేదీ మారిపోతుంది. అప్పుడు పదకొండో వరసలో తెల్లవారుజాము గడి ఖాళీ. ఆ రీడింగు పన్నెండో వరసలో పడుతుంది. మర్నాడు తెల్లవారుజాము నాలుగుకి తీసిందీ అదే గడిలోకి వస్తుంది. గడిలో చివరిది మాత్రమే కనబడేలా రాసింది కాబట్టి మొదటిది అడుగున ఉండిపోయింది.

ఇలా రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ వాళ్ల నాన్నగారు ఖాళీ గడి చూసి కాపలా మనిషికి చీవాట్లు పెట్టారు, నిద్రపోయావని. తీశానని అతనన్నాడు. ఫోన్‌లో లేదుగా అన్నారు ఈయన. పుస్తకం ఒక్కటే ఉన్న రోజుల్లో అయితే అతని మాట నమ్మేవారేమో.

డేటాబేస్‌లో ఆ రెండు రీడింగులూ దొరికాయి. ఆ అమ్మాయి ఆ సాయంత్రం నా దగ్గర కూర్చోలేదు. బస్సెక్కి వెళ్లి, గట్టు మీదికి నడిచి, తప్పు తనదని అతనికి చెప్పింది. వాళ్ల నాన్నగారి ఎదురుగానే చెప్పిందట. "తీశానని అప్పుడే చెప్పాను కదమ్మా" అని మాత్రం అన్నాడట అతను. ఇంకేమన్నాడని నేను అడగలేదు.

పనిచేసింది

రెండు నిర్ణయాలు తీసుకున్నాం. రెంటికీ చాలాసేపు వాదించుకున్నాం.

ఒకటి, డేటాబేస్‌లో ఏది ఉంచుకోవాలి, ఏది చూపించేటప్పుడు లెక్కగట్టాలి. పాత టేబుల్లో తేదీ ఒక్కటే ఉంది, గంట లేదు. సర్వర్‌కి చేరిన సమయం ఉంది గానీ, సిగ్నల్ లేక పొద్దున్న తొమ్మిదికి చేరితే అది తొమ్మిదనే చెప్తుంది. కాబట్టి ప్రోబ్ దింపినప్పటి సమయం ఒక గడి, సర్వర్‌కి చేరిన సమయం ఇంకో గడి. రెండూ యూటీసీలోనే, పూర్తిగా. ఏ రాత్రిది అన్నది మాత్రం డేటాబేస్‌లో ఎక్కడా రాసి ఉంచకూడదు, చూపించేటప్పుడే లెక్కగట్టాలి. ఆ అమ్మాయి మొదట రాత్రిని కూడా ఒక గడిగా రాసి ఉంచేద్దామంది, తొందరగా వస్తుందని. రోజుకి పది రీడింగులు రాని చెరువుకి తొందరేముంది? రాత్రి అంటే ఏమిటో మనం ఇప్పటికే ఒకసారి తప్పు అనుకున్నాం, మళ్లీ అనుకోమని నమ్మకమేముంది అన్నాను. దానికి ఒప్పుకుంది.

రెండోది, రాత్రి ఎక్కడ తెగాలి. ఆమె ఉదయం ఆరంది. కాపలా మనిషి ఆరూ పదికి తీస్తే మళ్లీ అదే కథ. ఎనిమిదన్నాను నేను, ముసురు పట్టిన రోజు ఎనిమిదిన్నరకీ చూస్తారని తేలింది. అప్పుడు తను పుస్తకంలో రెండు నెలల రీడింగుల వేళలు వాళ్ల నాన్నని అడిగి ఒక కాగితం మీద చుక్కలు పెట్టింది. ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నం రెండుకీ నడుమ ఒక్క చుక్క లేదు. గీత ఎవరూ నడవని చోట గీయాలి. మధ్యాహ్నం పన్నెండు అనుకున్నాం. కోడ్‌లో చూస్తే చాలా చిన్న పని. మన సమయంలోంచి పన్నెండు గంటలు తీసేసి తేదీ తీసుకుంటే చాలు. పన్నెండో తేదీ తెల్లవారుజాము నాలుగు కాస్తా పదకొండో తేదీ సాయంత్రం నాలుగవుతుంది, పదకొండో వరసలో పడుతుంది. మధ్యాహ్నం రెండింటి రీడింగు ఆ రోజు వరసలోనే ఉంటుంది.

పాత ఎంట్రీల్లో గంట లేనివాటిని పుస్తకం చూసి చేత్తో కొట్టింది. రెండు రాత్రులు కూర్చుంది. ఆరు చార్టుల్లో ఐదు తీసేసింది. మిగిలినది రాత్రికొక గీత. సాయంత్రం నుంచి తెల్లవారుజాముకి ఎంత దిగిందో చూపిస్తుంది.

ఇప్పుడు చూస్తే

పిల్లలు ప్రాజెక్టు తెస్తే ముందుగా నేనడిగేది మారింది. ఇదివరకు కోడ్ తెరిచేవాణ్ణి. ఇప్పుడు, దీన్ని ఎవరు వాడారు, వాళ్లు ఏమని తిట్టారు అని అడుగుతున్నాను. కొందరు పిల్లలు దీంతో ఇబ్బంది పడతారు. అందరికీ ఇంట్లో చెరువులుండవు. కిరాణా కొట్టు అప్పుల పుస్తకం, టైలర్ కొలతల పుస్తకం, పాల కేంద్రం చిట్టా, ఏదో ఒకటి వీధిలో దొరుకుతుంది. రాసేవాడి చేతిరాతతో ఉన్న పేజీ అయితే మరీ మంచిది.

నా మొదటి తప్పు మీద నాకు పెద్ద బాధ లేదు, ఐదు వారాలు పోయాయంతే. రెండోది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పుస్తకం ఫొటో అడిగిందీ నేనే, కోడ్ ముందు కూర్చుని తేదీ సరిచేసేటప్పుడు ఆ ఫొటో తెరవనిదీ నేనే. సాంకేతికంగా నాది నూటికి నూరుపాళ్లు సరైన మార్పు కాబట్టి ఎవరినీ అడగాలనిపించలేదు. ఇంకో సంగతి, ఆ మూడు వారాలూ ఎవరూ ఫిర్యాదు చేయలేదంటే అంతా బాగుందనుకున్నాను. ఫిర్యాదు ఉంది. అది మా దాకా రాకుండా కాపలా మనిషి మీదికి పోయింది. వాడే ఇద్దరిలో మేం మాట్లాడుతున్నది ఒక్కరితోనే. రీడింగు కొట్టేది మాత్రం రెండో మనిషి.

నాలుగో ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి గిట్‌హబ్‌లో ఈ ఒక్కటే పైన పిన్ చేసి ఉంది. రాత్రి ఎక్కడ తెగుతుందన్న దాని మీదే ఇరవై నిమిషాలు అడిగారట. ఇప్పుడు హైదరాబాద్‌లో ట్రైనీగా చేస్తోంది. ప్రాజెక్టు వల్లే వచ్చిందో, ఆ రోజు అడిగినవాళ్లు మంచివాళ్లో చెప్పలేను.

వాళ్ల నాన్నగారు పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నారు. రొయ్యల పట్టుబడి అయ్యాక కొత్త సీడ్ (రొయ్య పిల్లలు) వేశారు, కొత్త పుస్తకం తెరిచారు. ఫోన్‌లో చూసేది ఆ ఒక్క గీత.

మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పక్క చెరువు ఆయన తనకీ కావాలన్నాడట. ఆయన దగ్గర ఇద్దరు కాపలావాళ్లు, అర్ధరాత్రి పన్నెండుకి మారతారు. ఎవరి రీడింగులు వాళ్ల పేరున వేరే వరసలో ఉండాలంటున్నాడు.

"రాత్రిని సెట్టింగ్స్‌లో పెట్టేయమంటారా సార్?"

"ముందు ఆయన పుస్తకం ఫొటో తెప్పించు" అన్నాను. "ఈసారి ఆ కాపలావాళ్లిద్దరి ఫోన్ నంబర్లు కూడా తీసుకో."